దిష్టి మిరపకాయలు గెలిపించిన కేసు

నేను ఒక యంత్రాన్ని. ఎండుమిరపకాయల తొడిమలు తీయడం నా వృత్తి. రూపం గురించి అడగకండి. దువ్వెన ఇనుప చువ్వలది, రోలరు చెరకురసం బండిది, పంకా ఎవరో పారేసిన కూలరుది. గుంటూరు దగ్గర వెల్డింగు కొట్టు పెట్టుకున్న కాలేషా నన్ను చేశాడు. చేయించింది మాత్రం ఆయన భార్య నాగూర్‌బీ చేతుల మంట. ఏళ్ల తరబడి తొడిమలు తీసిన ఆ చేతులతో ఆమె కన్నబిడ్డ బుగ్గ కూడా నిమరలేకపోయేది. ఏడుపొస్తే కళ్లు భుజంతో తుడుచుకునేది.

నేను వచ్చాక మంట తగ్గింది. కాలేషా పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఇంట్లో కరెంటు మీటరు నుంచి కుళాయి దాకా అన్నీ తన పేరు మీదే ఉన్నాయి కనుక, నన్ను కనిపెట్టినవారి పేరు దగ్గరా తనదొక్కటే రాయించాడు. ఈలోగా ఒక కంపెనీవాళ్లు వచ్చి నా చుట్టూ తిరిగి, ఫొటోలు తీసుకుని వెళ్లారు. కాలేషా గుండెల్లో రాయి పడింది. పేటెంటు రాకపోతే రేపు నన్ను వాళ్లే కనిపెట్టామంటారు.

పేటెంటు ఆఫీసు కుదరదంది. తెలిసిన వస్తువులను పక్కపక్కన పెడితే, దేని పని అది చేసుకుంటుంటే, అది ఆవిష్కరణ కాదట. నాకు ఒళ్లు మండింది. ఆ లెక్కన మనుషుల కాపురాలు ఎన్ని నిలుస్తాయి?

కాలేషా హైకోర్టులో అప్పీలు వేశాడు. నేను పనిచేస్తుంటే చూడాలన్నారు జడ్జిగారు. నాగూర్‌బీ నన్ను తుడిచి, దిష్టి తగలకుండా నిమ్మకాయ, ఎండుమిరపకాయలు గుచ్చి కట్టింది. ఆ హడావుడిలో అసలు కాయల సంచి ఇంట్లోనే ఉండిపోయింది.

"కాయలేవయ్యా?" అన్నారు తెలుగు తెలిసిన జడ్జిగారు.

నాగూర్‌బీ నా దండ తెంపింది. "ఇయ్యి చాలవా సార్? దిష్టికి కట్టినయ్యేగా" అంటూ ఒక్కొక్కటే చేత్తో అందించింది.

పంకా లేకపోతే ఏమవుతుందో చూద్దామని మొదట దాన్ని ఆపి నడిపారు. తొడిమలు దువ్వెనలో ఇరుక్కుని రోలరు ఆగిపోయింది. పంకా వేశారు. తొడిమలు ఎగిరి తిన్నగా ఆఫీసు తరఫు వకీలు మీద పడ్డాయి. ఆయన తుమ్మారు, జడ్జిగారు తుమ్మారు, కోర్టంతా తుమ్మింది. నాకెంత సంతోషమేసిందో!

"ఇవి ఒకదాన్నొకటి ఆదుకుంటున్నాయి. పంకా ఆలోచన ఎవరిది?" అన్నారు జడ్జిగారు ముక్కు తుడుచుకుంటూ.

'నాదే' అంటే సరిపోయేది. కాలేషా భార్య వైపు చూశాడు. "మా ఆవిడదండీ. తొడిమలు ఇరుక్కుపోతా ఉంటే నోటితో ఊదతా ఉండేది. అది చూసే పెట్టా."

వకీలు చటుక్కున లేచారు. "మరి దరఖాస్తులో ఆమె పేరేదీ?"

కాలేషా చేజేతులా చెడగొట్టుకున్నాననుకున్నాడు.

"అది దిద్దుకోదగ్గ పొరపాటే. ఇది ఆవిష్కరణే, ఆఫీసు ఉత్తర్వు చెల్లదు. ఆమె పేరూ చేర్చండి" అన్నారు జడ్జిగారు.

"నా పేరా?" అంది నాగూర్‌బీ. కళ్లు నిండాయి. అలవాటుగా భుజం ఎత్తబోయింది.

"చేత్తోనే తుడుచుకో. ఇప్పుడు మండటల్లేదుగా" అన్నాడు కాలేషా ప్రేమగా.

పాపం, మొగుడి మాట నమ్మి తుడుచుకుంది. ఇందాక దిష్టి మిరపకాయలు అందించింది ఆ చేత్తోనే అని ఇద్దరికీ గుర్తులేదు. ఆమె ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. కోర్టువాళ్లు అదంతా ఆనందమే అనుకున్నారు.