మంచం వెనక పట్టీ

"నొక్కాను" అంది అత్తయ్య.

"మోగలేదు" అన్నాడు మా ఆయన.

భుజాన సంచి కూడా దించకుండా గుమ్మంలో నిలబడిపోయాను. మంచం మీద దుప్పటి తడిసి ఉంది. అత్తయ్య కళ్లు గట్టిగా మూసుకుంది, తను చూడకపోతే మేమూ చూడమన్నట్టు.

అది శుక్రవారం. సోమవారం ఉదయం తొమ్మిదింటికి నేను ఆసుపత్రిలో, నా ఎక్స్‌రే గదిలో ఉండాలి. ఆరు నెలల సెలవు అయిపోయింది. ఇక పొడిగించేది లేదని, రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కాగితం వచ్చింది. నేను లేకుండా ఇల్లు నడుస్తుందో లేదో చూద్దామని ఆ రోజు కావాలనే మూడు గంటలు బయటికి వెళ్లాను. పనేమీ లేదు. బస్టాపులో కూర్చుని వచ్చేపోయే బస్సులు లెక్కపెట్టి తిరిగొచ్చాను. వచ్చేసరికి ఇదీ సంగతి.

ఆరు నెలల కిందట అత్తయ్యకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మాట మాత్రం చెక్కుచెదరలేదు. కానీ ఆ మాట వినబడాలిగా! మా ఆయన టైలరు. ముందుగదిలో మోటారు కుట్టుమిషను పెట్టుకుని పొద్దస్తమానం కుడుతూనే ఉంటాడు. అత్తయ్య గది ఇంటి చివర. మధ్యలో రెండు తలుపులు. ఫోను ఇస్తే ఎడమచేతిలోంచి జారిపోతోంది. బ్యాటరీ బెల్లు తెస్తే రెండు గోడలు దాటలేక చతికిలపడింది. చివరికి మంచం పక్కన గోడకి స్విచ్చు పెట్టి, ముందుగదిదాకా వైరు లాగి, గంట బిగించడం ఒక్కటే దారి అని తేలింది.

ఆ పని చేసింది మా ఆడపడుచు భర్త.

ఇళ్ల లోపలి పనులు చేయడంలో ఆయనకి పేరుంది. ఎక్కడికెళ్లినా జేబులో వాలు చూసే చిన్న రసమట్టం ఉంటుంది. భోజనానికి పిలిచినా ముందు బల్ల మీద దాన్ని పెట్టి, బుడగ మధ్యలోకి వచ్చిందో లేదో చూసిగానీ కూర్చోడు. అందుకే మా ఇంట్లో ఆయన పేరు రసమట్టం. చాటుగానే లెండి. ఎదుట మాత్రం మా ఆయనకి బావ, నాకు అన్నయ్యగారు, అత్తయ్యకి అల్లుడుగారు.

"వైరు గోడ మీద వేలాడితే అసహ్యంగా ఉంటుంది చెల్లెమ్మా" అన్నాడాయన. "గోడ కింద చుట్టూ ప్లాస్టిక్ స్కర్టింగ్ వేసేస్తా. లోపల బోలుగా ఉంటుంది. వైరు అందులోంచి పోతుంది. గదికి గదీ అందం, వైరుకి వైరూ భద్రం."

మూడు రోజులు పట్టింది. గోడకి క్లిప్పులు కొట్టాడు. చెక్కరంగు పట్టీలు కోసి ఆ క్లిప్పుల్లోకి టకటకా నొక్కాడు. మూలల దగ్గర మూల ముక్కలు జిగురుతో అంటించాడు. అయ్యాక గది నిజంగానే కొత్త చొక్కా తొడుక్కున్నట్టయింది. గంట కూడా చక్కగా మోగింది. అది గురువారం.

శుక్రవారం మోగలేదు.

"చూడు" అని మా ఆయన మంచం చివర నిలబడి, వంగి స్విచ్చు నొక్కాడు. ముందుగదిలో గంట ఖంగున మోగింది. "ఇదిగో, మోగుతోందిగా!"

"నేను నొక్కినప్పుడు మోగలేదురా."

"అయితే గట్టిగా నొక్కి ఉండవు."

ఆయన ఆవిడ నడుం కింద చెయ్యి వేసి మెల్లగా గోడవైపు తిప్పాడు. ఆవిడ నొక్కింది. మోగింది. ఆయన నావైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

శనివారం నేను బయటికి కూడా పోలేదు. పెరట్లో బట్టలు ఆరేసి పావుగంటలో వచ్చాను. అత్తయ్య మంచినీళ్ల కోసం అయిదుసార్లు నొక్కిందట. ముందుగదిలో గంట ఒక్కసారి కూడా మోగలేదు. మిషను ఆపి, చెవులు రిక్కించుకుని కూర్చున్నానని మా ఆయన ఒట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియకపోవడంతో ఇంకా మండింది.

"మీ బావని పిలవండి" అన్నాను.

"బావ పనిలో తప్పు పట్టడమా? అక్కయ్య నన్ను బతకనిస్తుందా?"

"తప్పు పట్టొద్దు. చూసిపొమ్మనండి."

రసమట్టం సాయంత్రం వచ్చాడు. వస్తూనే పని చేసుకోవడానికి చోటు కావాలని, అత్తయ్యని చక్రాల కుర్చీలోకి దించి మంచాన్ని పక్కకి జరిపించాడు. స్విచ్చు విప్పి చూశాడు. బిగించాడు. నొక్కాడు. మోగింది. ఇరవైసార్లు నొక్కాడు. ఇరవైసార్లూ మోగింది. ఆఖరికి పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసి, "ఏంటండీ, అగ్నిప్రమాదమా?" అంది.

ఆయన పట్టీ మీద రసమట్టం పెట్టి, బుడగని మురిపెంగా చూసుకుని, అత్తయ్య వైపు తిరిగాడు. "అత్తయ్యగారూ, నిజంగా నొక్కారా?"

చెప్పు అత్తయ్యా. నిన్నటినుంచీ నాకు చెబుతున్న ఆ మాటే చెప్పు.

అత్తయ్య పమిట సర్దుకుంది. "ఏమో బాబూ. నేనే సరిగ్గా నొక్కలేదేమో. మీరు చేసిన పనిలో వంకేముంటుంది?"

నాకు తల బాదుకోవాలనిపించింది.

ఆయన వెళ్లగానే మా ఆయన వంటగదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించి, "నాకు అర్థమైపోయింది" అన్నాడు. "నువ్వు ఉద్యోగానికి వెళ్లడం అమ్మకి ఇష్టం లేదు. అందుకే నొక్కడం లేదు."

"దుప్పటి తడుపుకుని మరీనా?"

"పట్టుదల ఎక్కువ మా అమ్మకి. నీకు తెలీదు."

ఛీ, అదేం మాట అన్నాను. కానీ ఆ మాట నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. నా ఎదుట 'నొక్కాను' అంటుంది. అల్లుడి ఎదుట 'నొక్కలేదేమో' అంటుంది. రెండిట్లో ఒకటి అబద్ధం. అన్నం తినిపిస్తున్నప్పుడు ఆవిడ ముఖంలోకి పరీక్షగా చూశాను. నేనెందుకు చూస్తున్నానో ఆవిడకి తెలిసిపోయింది. రెండు ముద్దలు తిని చాలంది.

ఆదివారం పొద్దున ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, నేను మంచమెక్కి వెల్లకిలా పడుకున్నాను.

"ఇదేంటే, ఒంట్లో బాలేదా?" అంది అత్తయ్య.

"నువ్వు ఎలా నొక్కుతావో నాకు చెప్పు. అచ్చం అలాగే నొక్కుతా."

ఆవిడ కుర్చీలో కొంచెం ముందుకి వంగింది. "కుడిచెయ్యి కదపకు. అది లేదనుకో."

"సరే."

"కుడికాలూ లేదు. గోడకి కమ్మీ ఉందిగా, ఎడమ మోచెయ్యి అందులో దూర్చు. ఊఁ, ఇప్పుడు లాగు. నిన్ను నువ్వు లాక్కో."

గోడకి బిగించిన ఇనప కమ్మీలో మోచెయ్యి దూర్చి లాగాను. సగం ఒళ్లు కదలకుండా ఒక్క మోచేత్తో పక్కకి తిరగడమంటే ఏంటో నాకప్పుడు తెలిసింది. రోజుకి పదిసార్లు ఆవిడ చేస్తున్న పని అది! నేను పక్కకి తిరగడం కంటే ముందు మంచమే గోడవైపు కదిలింది. చక్రాల మంచం. బ్రేకులు వేసే ఉన్నా అంగుళం మేర జరిగింది. కింద ఎక్కడో 'టిక్'మంది.

ఆ మోచెయ్యి అలాగే ఉంచి వేళ్లు చాపాను. స్విచ్చు అందింది. నొక్కాను.

నిశ్శబ్దం.

"ఏమండీ, మోగిందా?" అని అరిచాను.

"ఏమిటి మోగేది?" అన్నాడు ముందుగదిలోంచి మా ఆయన.

మళ్లీ నొక్కాను. వేలు నొప్పి పుట్టేలా నొక్కాను. లేదు. మోచెయ్యి తీసేశాను. మంచం కొంచెం వెనక్కి జరిగింది. చెయ్యి చాపి నొక్కాను.

ఖంగ్!

అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ఎడమచెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది.

దిగి నేల మీద పడుకుని మంచం కిందకి టార్చి వేశాను. మంచం కాలు ఎక్కడ తగులుతోందో సరిగ్గా అక్కడ, పట్టీ మధ్యలో, చెక్కరంగు మూత పెట్టిన స్క్రూ తల ఒకటి కనబడింది. గదిలో మరెక్కడా స్క్రూ లేదు. అన్నీ క్లిప్పులే.

"స్క్రూడ్రైవరు ఇవ్వండి" అన్నాను.

"బావ రానీ" అన్నాడు మా ఆయన, గుమ్మంలో నిలబడి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. "బావ వేసిన పట్టీ బావే తీయాలి. నువ్వు పీకేస్తే ఆయనేమనుకుంటాడు?"

"మీ అమ్మ ఏమనుకుంటోందో అడిగారా?"

ఆయన స్క్రూడ్రైవరు ఇచ్చాడు.

స్క్రూ తేలిగ్గానే వచ్చింది. పట్టీ రాలేదు. అటు చివరా ఇటు చివరా జిగురు పెట్టిన మూల ముక్కలు దాన్ని పట్టుకుని కూర్చున్నాయి. మెల్లగా లాగాను. గట్టిగా లాగాను. ఒకరకంగా బతిమాలాను కూడా. చివరికి స్క్రూడ్రైవరు సందులో దూర్చి ఒక్క కుదుపు కుదిపాను. మూల ముక్క ఫట్‌మని పగిలింది. క్లిప్పులు ఒకటొకటే ఊడాయి. మూడు రోజుల అందం మూడు నిమిషాల్లో నా ఒళ్లో పడింది.

లోపల వైరు. దాని మీద స్క్రూ కొరికిన గాటు. పైతొడుగు చీలిపోయి, రాగి పోగులు తెగి, కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయంతే. పట్టీ కదిలితే విడిపోతాయి. వదిలితే కలుస్తాయి. ఎక్స్‌రే ఫిల్ము మీద సన్నటి పగులు చూపించి డాక్టర్లకి చెప్పినట్టు, వేలు పెట్టి మా ఆయనకి చూపించాను.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత తల్లివైపు చూడకుండా ముందుగదిలోకి పోయి ఫోను తీశాడు.

రసమట్టం అరగంటలో వచ్చాడు. వైరు చూడలేదు. ముందు పగిలిన మూల ముక్క చూశాడు.

"ఎవరు పీకారు దీన్ని?"

"నేనే అన్నయ్యగారూ. స్క్రూ వైరులో దిగింది."

"ఆ గోడకి పొట్ట ఉంది చెల్లెమ్మా!" అన్నాడాయన. "కట్టినవాడెవడోగానీ వంకరగా కట్టాడు. క్లిప్పుకి పట్టీ ఆనలేదు. నా కళ్ల ముందు పట్టీ గోడకి దూరంగా నిలబడితే నేను ఊరుకుంటానా? ఒక్కటంటే ఒక్క స్క్రూ వేశా."

"ఆ ఒక్కటే..."

"అల్లుడుగారి తప్పేముందే!" అంది అత్తయ్య గబగబా. "తప్పు గోడది. మంచం నేనే జరిపాను కూడా."

అప్పుడొచ్చింది నాకు అసలు కోపం. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ మాట నిజమని తేల్చడానికి నేల మీద పడి దేకింది నేను. ఆ నిజాన్ని అల్లుడి కాళ్ల దగ్గర పెట్టేస్తున్నది ఆవిడ.

ఆవిడ కుర్చీ ముందు కూర్చున్నాను.

"రేపు నేను వెళ్లాక ఇది మళ్లీ మోగకపోతే ఎవరికి చెబుతావ్ అత్తయ్యా? నాకు చెబితే లాభం లేదు, నేనుండను. మీ అబ్బాయి నమ్మడు. అన్నయ్యగారికి నువ్వు చెప్పవు. నేనే సరిగ్గా నొక్కలేదేమో అనుకుంటూ తడి దుప్పట్లో పడుకుంటావ్. అలా అయితే నేను ఉద్యోగానికి వెళ్లను. ఈ రోజే ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పేస్తా."

ఆవిడ తల తిప్పి అల్లుడి వైపు చూసింది.

రసమట్టం ఈలోపు తెగిన చోట వైరు కలిపి టేపు చుట్టాడు. పట్టీని గోడకి ఆనించాడు. గోడ పొట్ట దగ్గర అది వేలెడంత ఎడంగా నిలబడింది. ఆయన ముఖం చిట్లించి, డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడు.

"ఈసారి వైరు పైనుంచి వేస్తా. స్క్రూ కింద పడుతుంది. ఏం కాదు."

డ్రిల్లు గుర్రుమంది.

"వద్దు" అంది అత్తయ్య.

ఆ మోతలో ఆయనకి వినబడలేదు.

"అల్లుడుగారూ, వద్దు!"

డ్రిల్లు ఆగింది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన పదహారేళ్లలో ఆవిడ ఆయనకి వద్దు అని చెప్పగా నేను వినలేదు. ఆయనా విన్నట్టు లేడు. ఎవరితోనో అంటున్నారన్నట్టు వెనక్కి చూశాడు.

"అక్కడ స్క్రూ వెయ్యొద్దు" అంది అత్తయ్య. "నేను నొక్కాను. రెండు రోజులూ నొక్కాను. నొక్కలేదేమోనని మీతో అన్నానే, అది అబద్ధం. అక్కడ పట్టీ కూడా వద్దు. వైరు కనబడనీయండి."

"పట్టీ లేకపోతే గోడ బోసిగా ఉంటుంది అత్తయ్యగారూ."

"ఉండనీయండి. దాని పక్కన పడుకునేది నేనేగా."

ఆయన పట్టీని చంకలో పెట్టుకుని లేచాడు. టీ తాగి వెళ్లమంటే తాగనన్నాడు. గుమ్మం దాకా వెళ్లి, "గోడలు తిన్నగా ఉన్న ఇంట్లో చేస్తే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు" అని ఎటో చూస్తూ అని వెళ్లిపోయాడు.

అత్తయ్యని మంచమెక్కించాను. కమ్మీలో మోచెయ్యి దూర్చింది. లాగింది. మంచం కదిలి బోసిగోడకి తగిలింది. నొక్కింది. ముందుగదిలో గంట మోగింది. మా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా?"

"కూర్చో" అంది ఆవిడ. "రెండు రోజుల్నుంచీ నన్ను ఏమనుకున్నావో అది చెప్పి, తర్వాత వెళ్లి కుట్టుకో."

ఆయన మంచం అంచున కూర్చుని, మెడలో టేపుని వేలికి చుట్టుకోవడం మొదలెట్టాడు. జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. అక్కయ్య.

"నువ్వే మాట్లాడవే" అని ఫోను నావైపు చాపాడు, దీనంగా.

"నాకు పనుంది" అన్నాను. తెల్లకోటు ఆరు నెలల మడతలు పడి ఉంది. ఇస్త్రీపెట్టె తీయడానికి లోపలికి నడిచాను.