కుడిచేతి ఎర్రదారం

ఒలిందో పళ్ళతో ముడి బిగించాడు. కుడి మణికట్టుకు ఎర్ర ఉన్ని దారం, రెండు చుట్లు, ఒక ముడి. తరగతి ఉన్న ప్రతి ఉదయమూ ముప్పై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న పనే. కానీ ఈవేళ ఆ దారంతో అవసరమే లేదు. ఈవేళ బల్ల మీద నిలబడేది తను కాదు.

"మళ్ళీ కట్టావా దాన్ని?" అంది అమాబిలె, పాలగిన్నెలో నిన్నటి పొలెంతా, అదే మొక్కజొన్న సంకటి, ముక్కలు వేస్తూ. "పొయ్యిలో కట్టెలు ఎగదోసే మొగుడికి దారమెందుకయ్యా?"

"వాతానికి."

"వాతానికి కాదు, ఏడుపుకి. ఆ కుర్రాడి మీద కుళ్ళి చస్తున్నావు. నేనూ చూశాలే వాణ్ని, రొట్టెల కొట్టు దగ్గర. ఆ భుజాలకి గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావాలి! పాపం, నాకు దారిచ్చి టోపీ కూడా తీశాడు."

టోపీ తీసిన సంగతి ఆమె చెప్పడం ఇది నాలుగోసారి. ఒలిందోకి ఒళ్ళు మండిపోయింది. పాలు సగంలో వదిలేసి కోటు తొడుక్కుని బయటపడ్డాడు.

పాదువా ఊరంతా మంచులో మునిగి ఉంది. వరండాల కింద గోడ పట్టుకుని నడిచాడు. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఏదో బరువు లాగుతోంది. వారం రోజులుగా ఇంతే. ఆ బరువు కూడా ఆ కుర్రాడు నేవియో వల్లే వచ్చిందని అతని గట్టి నమ్మకం.

ఒలిందో ఉద్యోగం నిలబడటం. వైద్యం చదవడానికి కొత్తగా వచ్చిన పిల్లల ముందు, చెక్కబల్ల మీద, నడుముకు చిన్న గుడ్డతో నిలబడాలి. నిటారుగా, చూపు ముందుకు, పాదాలు దగ్గరగా, చేతులు పక్కలకు వేలాడేసి, అరచేతులు ముందుకు తిప్పి. ఇదీ ఒక పనేనా అంటారు జనం. అరచేతులు ముందుకు తిప్పి పావుగంట కదలకుండా నిలబడి చూస్తే తెలుస్తుంది ఎవరికైనా. ఒంట్లో పైనా కిందా, ముందూ వెనకా, మధ్యరేఖకు దగ్గరా దూరమూ, అన్నీ ఆ నిలుచున్న తీరును బట్టే చెబుతారు. మనిషి బోర్లా పడుకున్నా, తలకిందులుగా వేలాడినా లెక్క మాత్రం మారదు. ప్రొఫెసర్ త్రెవిసియోల్ ఏటా మొదటి రోజున ఈ మాట చెప్పేవాడు. ఏటా ఒలిందో ఛాతీ రెండంగుళాలు పొంగేది. ఈ ఊళ్ళో సగం మంది డాక్టర్లకి మనిషంటే ముందు తనే!

పెద్ద చదువు లేదు గానీ ఆ పేర్లన్నీ అతని కీళ్ళకి వచ్చు. ప్రొఫెసర్ "ఫ్లెస్సియోనె" అంటే మోచెయ్యి దానంతటదే ముడుచుకునేది. "అబ్దుజియోనె" అంటే చెయ్యి ఒంటికి దూరంగా పక్కకి లేచేది. ఒకసారి చేపల బజారులో ఆయన ఎవరితోనో మాట్లాడుతూ ఆ మాట అంటే, ఒలిందో చేతిలోని సంచీతో సహా చెయ్యెత్తాడు.

అలాంటి మనిషిని పోయిన నెల ప్రొఫెసర్ పిలిచి, "నీ మీద ఇక కండ కనబడటం లేదోయ్. ఎముకల పాఠం తర్వాత కదా" అన్నాడు నవ్వుతూ. అరవై నాలుగేళ్ళ ఒంటి మీద కండెక్కడిది? ఆ నవ్వు ఒలిందోకి ముల్లులా దిగింది. ఇకనుంచి పొయ్యి చూసుకోమన్నారు, తువ్వాలు అందించమన్నారు. బల్ల మీదికి పడవ పందేల్లో తెడ్డు వేసే నేవియో వచ్చాడు.

బట్టలు మార్చుకునే గదిలో నేవియో అప్పటికే చొక్కా విప్పి వణుకుతున్నాడు. ఇరవై రెండేళ్ళవాడు. వీపు మీద ఒక్కొక్క కండా ఎవరో కూర్చుని చెక్కినట్టు విడివిడిగా కనిపిస్తోంది. ఒలిందో చూడకూడదనుకుంటూనే చూశాడు. చూసినకొద్దీ కడుపు మండింది. ఏం కష్టపడ్డాడని వీడికి ఈ ఒళ్ళు?

"పెద్దాయనా, అరచేతులు ఇలాగేనా?"

"ఊఁ. బొటనవేళ్ళు బయటికి."

"ఇంకోటి అడుగుతా, నవ్వకూడదు. పడవలో మేం వెనక్కి తిరిగి కూర్చుంటాం. కుడీ ఎడమా నాకెప్పుడూ గందరగోళమే. ప్రొఫెసర్ గారు కుడి చెయ్యి అంటే నా కుడా, ఎదురుగా కూర్చున్నవాళ్ళ కుడా?"

బల్ల మీద నిలబడేవాడి పాదాల దగ్గర పెట్టడానికి పొయ్యి మీద వేడెక్కుతున్న ఇటుకని ఒలిందో తిరగేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఇదే గదిలో తనూ ఇదే ప్రశ్న అడిగాడు. అప్పుడు, తనకు ముందు ఆ బల్ల మీద నిలబడిన ముసలి బెర్తో తన మేజోటి నుంచి ఎర్ర దారం లాగి అతని కుడి మణికట్టుకు కట్టాడు. "వందమంది నిన్నే చూస్తుంటే నీ కుడేదో నీకే తెలీకుండా పోతుందిరా. దీన్ని చూసుకో. నీ తర్వాత వచ్చేవాడికి నువ్వు కట్టు" అన్నాడు.

దారం చొక్కా చేతి కింద గీరుకుంటోంది. ఒలిందో ఆ చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"వాళ్ళ కుడి" అన్నాడు. "చూసేది వాళ్ళే కదా."

"బతికించావు!" అంటూ నేవియో అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

మెట్లమెట్లుగా కట్టిన బల్లల్లో నూటపది మంది పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. నేవియో ఎక్కి నిలబడగానే గది అంతా ఒక్కసారి సద్దుమణిగింది. మొదటి వరుసలో ఒకమ్మాయి పెన్సిలు జారిపడితే తీసుకోవడం మరిచిపోయింది. ప్రొఫెసర్ నీలం పెన్సిలుతో నుదుటి నుంచి బొడ్డు దాకా మధ్యరేఖ గీశాడు. "చూడండి, ఎంత స్పష్టంగా ఉందో!" అన్నాడు. ఒలిందో ఒంటి మీద ఆయన వేలసార్లు గీశాడు, ఎన్నడైనా ఆ మాటన్నాడా? తరగతి పొయ్యి పక్కన నిలబడి ఒలిందో పళ్ళు నూరుకున్నాడు.

"కుడి చెయ్యి. అబ్దుజియోనె. అంటే ఒంటికి దూరంగా, పక్కకి."

నేవియో ఎడమ చెయ్యి ఎత్తాడు.

పై వరుసల్లో కిసుక్కుమన్నారు. "కుడి" అన్నాడు ప్రొఫెసర్. నేవియో చెయ్యి దించాడు, పిల్లల వంక చూసి మనసులో లెక్క వేసుకున్నాడు, మళ్ళీ ఎడమ చెయ్యే ఎత్తాడు. గది గొల్లుమంది.

"నీ కుడి నాయనా, నీ కుడి! ఎవరు ఎటునుంచి చూసినా శరీరం కుడి శరీరానిదే. రేపు వీళ్ళు ఇలాగే పొరబడి మంచి కాలు కోసేస్తే? ఎవడు చెప్పాడు నీకు అలాగని?"

నేవియో చెవులు ఎర్రబడ్డాయి. పొయ్యి వైపు ఒక్కసారి చూశాడు. "ఎవరూ చెప్పలేదండీ. నేనే పొరబడ్డాను."

"దిగు. ఒలిందో! రావోయ్, నువ్వే గతి."

ఆహా, ఆ పిలుపు! ఒలిందో గబగబా బట్టలు విప్పుకుని బల్లెక్కాడు. ఇన్నేళ్ళకి చెక్క మీద పడ్డ రెండు మడమల గుంటల్లో మడమలు కూర్చున్నాయి. అరచేతులు తిరిగాయి. పక్కటెముకలు కనిపిస్తే కనిపించనీ! ముడవమంటే ముడిచాడు, చాపమంటే చాపాడు, లోపలికి తిప్పాడు, బయటికి తిప్పాడు. పేరు సగం పలికేలోపే కదలిక పూర్తయ్యేది. ఎడమ చెయ్యి సీసంలా బరువెక్కింది. అయినా భుజం దాటి ఎత్తాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పుడు కాళ్ళ దగ్గర ఏదో వెచ్చగా తగిలింది. వంగి చూడకూడదు, చూపు ముందుకే ఉండాలి. క్రీగంట చూశాడు. నేవియో ఇటుకని గుడ్డలో చుట్టి తెచ్చి, అతని పాదాల పక్కన పెట్టి, తువ్వాలు పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు. పొట్ట మీద నీలిగీత ఇంకా ఉంది. ఒలిందో గెలుపంతా నోట్లో చేదైపోయింది. తిట్టినా బావుండేది వెధవ.

తరగతి అయ్యాక ప్రొఫెసర్ చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "ఇక నువ్వే నిలబడు. ఆ కుర్రాణ్ని పంపించేస్తాను. కుడీ ఎడమా తెలియనివాడు నాకెందుకు?"

ఒలిందో కోరుకున్నది అదే. నెల రోజులుగా నిద్రలో కూడా అదే. అవునండీ అంటే చాలు.

"వాడు తెలియకే నన్నడిగాడండీ" అన్నాడు. "నేనే తిరగేసి చెప్పాను."

ప్రొఫెసర్ చేతులు తుడుచుకోవడం ఆపాడు. "ఈ వయసులోనా, ఒలిందో?"

"ఈ వయసులోనే వస్తుందండీ అది. వాణ్ని ఉంచండి. మంచి ఒళ్ళు."

బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ లేరు. నేవియో గీత కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళినట్టున్నాడు. అతని కోటు మేకుకి వేలాడుతోంది. ఒలిందో మణికట్టు ముడి పళ్ళతో విప్పాడు. చాలాసేపు పట్టింది. పని ముగించుకుని, పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

నేవియో తిరిగొచ్చి, ముసలాయన నిద్రపోతున్నాడనుకుని చప్పుడు చెయ్యకుండా చొక్కా వేసుకున్నాడు. వెళ్ళేముందు, "పెద్దాయనా, నాకు కోపం లేదులే. లే, ఒక గ్లాసు వైన్ తాగుదాం" అన్నాడు. ఒలిందో లేవలేదు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి, అరచేతులు పైకి తిరిగి, బొటనవేళ్ళు బయటికి. నేవియో వంగి ఆ చేతిని తాకాడు. తర్వాత మెట్ల మీద పరిగెత్తి ప్రొఫెసర్‌ని కేకేశాడు.

ఆయన వచ్చి మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. అమాబిలెకి కబురు చెప్పాలి. "ఇల్లు నాకు తెలుసండీ, రొట్టెల కొట్టు వెనక. నేను వెళ్తాను" అన్నాడు నేవియో. మేకు మీది తన కోటు లాగి ఒక చెయ్యి దూర్చాడు, రెండో చెయ్యి దూర్చబోయి ఆగిపోయాడు.

కోటు కుడిచేతి గుండీకి, వెలిసిపోయిన ఎర్ర ఉన్ని దారం, రెండు చుట్లు, ఒక ముడి, ముడి దగ్గర ఇంకా ఆరని తడి.