శారద లేజరు

శారద చేసిన లేజరును పాడుచేసింది సామేలు. ఈశ్వరయ్య లెక్కలో ఇది తేలిపోయిన సంగతి. దీని మీద ఆయన ఎవరితోనూ వాదించడు, ఎవరు సర్దిచెప్పబోయినా వినడు. నిరుటి వానాకాలం నుంచి సామేలు ఉండే లాలాగూడ వైపు అడుగు పెట్టలేదు. సామేలు ఫోన్ చేసినప్పుడల్లా అది మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడే తప్ప ఎత్తలేదు.

సామేలు రైల్వే వర్క్‌షాపులో బోగీల లైట్లు చూసే ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఈశ్వరయ్య యూనివర్సిటీలో భౌతికశాస్త్ర విభాగం మెకానిక్కుగా చేశాడు. ఒకప్పుడు ఇద్దరూ తార్నాకలో ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో అద్దెకున్నారు. కడప జిల్లా నుంచి వచ్చిన ఈశ్వరయ్యకు ఈ నగరంలో మొదట పరిచయమైన మనిషి సామేలు. భార్య శారద పోయాక మిగిలిన మనిషి కూడా అతనే.

శారద అదే విభాగంలో ల్యాబ్ అసిస్టెంటు. ఈశ్వరయ్య పల్లె బడిలో చదివి ఐటీఐ చేసినవాడు, ఆమె బీయస్సీ. ఆ తేడాను ఆమె ఒక్కనాడూ ఎత్తలేదు. కోపం వచ్చినప్పుడు ఈయనే ఎత్తేవాడు.

ఆ లేజరు పుట్టింది వాళ్ల మేడమీది రేకుల గదిలో. కంప్యూటర్ గదిలో పారేసిన డీవీడీ రైటరును అడిగి ఇంటికి తెచ్చుకుని, స్క్రూలు విప్పి, లోపలున్న కందిగింజంత డయోడును శారదే పైకి తీసింది. ఒంటి మీది చిటుకు కరెంటు తగిలినా అది చచ్చిపోతుందని, అరచేతిలో కాదు, తగరపు కాగితం మీద పెట్టుకుంది.

"దీనికి బ్యాటరీ తీసకపోయి నేరుగా తగిలిస్తే, తాగలేనంత తాగి చస్తాది. ఎంత కావాల్నో అంతే కొలిచి పోసేది ఒకటి మధ్యలో ఉండాల" అంది.

ఆ కొలిచి పోసేదే డ్రైవర్ సర్క్యూట్. ఒక రెగ్యులేటరు, ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు. అగ్గిపెట్టెంత చిల్లుల బోర్డు మీద ఈశ్వరయ్య వాటిని టంకంతో అతికాడు. అతకడంలో ఆయన చెయ్యి మంచిది. కానీ అతికిన వెంటనే లేజరు డయోడును తగిలించడానికి శారద ఒప్పుకోలేదు. నాలుగు మామూలు డయోడ్లు వరసగా కలిపి, చివర చిన్న రెసిస్టరు పెట్టి, లేజరు ఉండాల్సిన చోట ముందు దాన్ని కూర్చోబెట్టింది. కరెంటు సరిగ్గా వస్తోందో లేదో మీటరు పెట్టి దాని మీద చూసుకోవాలి. సర్క్యూట్‌లో తప్పుంటే ఆ దెబ్బ దానికే తగులుతుంది. దానికి శారద 'తోడిపెళ్లికూతురు' అని పేరు పెట్టింది.

"ముందు బ్యాటరీ తియ్యాల. ఆ తర్వాత తోడిపెళ్లికూతుర్ని లేపాల. ఆనెక కెపాసిటరు కాళ్లు రెండూ కలిపి దాంట్లో ఉండేదంతా పోగొట్టాల. అప్పుడే పెళ్లికూతురు పీటెక్కేది."

"బ్యాటరీ తీసినాక దాంట్లో ఇంకేముంటాది?"

"ఉంటాది. అది మీ మాదిరే. గొడవైపోయినా లోపల పెట్టుకోని ఉంటాది."

ఈశ్వరయ్య నవ్వలేదు. ఆమె కిందికి దిగిపోయాక నవ్వుకున్నాడు.

టార్చిలైటు డొల్లలో అమర్చిన ఆ లేజరు ఏటేటా ల్యాబ్‌లో కొత్త విద్యార్థులకు పరిచయమయ్యేది. కిటికీలకు నల్లగుడ్డ దించి, శారద తన జడలోంచి ఒక వెంట్రుక లాగి, అట్టముక్క చిల్లుకు అడ్డంగా అంటించేది. దాని మీదికి లేజరు వేస్తే ఎదురు గోడ మీద ఎర్రటి చుక్కలు వరస కట్టి అటూ ఇటూ పరుచుకునేవి. వెంట్రుక ఎంత సన్నమైతే వరస అంత విచ్చుకుంటుందని చెప్పేది. జుట్టు తెల్లబడ్డాక కూడా ఆ వెంట్రుకలతోనే చూపించింది. "రంగుతో పనిలేదు పిల్లోల్లారా" అని వాళ్లను నవ్వించేది. ఈశ్వరయ్య వర్క్‌షాపులో లేత్ ఆపేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. ఆ పాఠం ఆయనకు కంఠతా వచ్చు. అయినా ఏ ఏడూ మానలేదు.

శారద పోయాక టార్చిలో బ్యాటరీ కారి బోర్డంతా తుప్పు పట్టింది. డయోడు ఒక్కటే బతికింది. నిరుడు విభాగం వార్షికోత్సవానికి శారద పాఠం మళ్లీ చూపిద్దామని భార్గవి ఫోన్ చేసింది. ఒకప్పుడు శారద దగ్గర ప్రాక్టికల్స్ చేసిన అమ్మాయే, ఇప్పుడు అక్కడ లెక్చరరు. "షాపులో దొరికే లేజరు వద్దంకుల్. మేడమ్‌దే కావాలి" అంది.

ఈశ్వరయ్య మళ్లీ రేకుల గది తెరిచాడు. కొత్త బోర్డు అతికాడు. తోడిపెళ్లికూతుర్ని కూర్చోబెట్టాడు. మీటరు ఎంత చూపించాలో అంతే చూపించింది. అది ఆదివారం. సామేలు చర్చి నుంచి నేరుగా తెల్లచొక్కాతో, మటన్ కూర టిఫిన్‌తో వచ్చి పక్కన కూర్చున్నాడు. కింద గ్యాసుబండ అబ్బాయి పిలిస్తే ఈశ్వరయ్య దిగి వెళ్లాడు.

ఆయన వచ్చేలోగా వెలిగించి చూపిద్దామని సామేలుకు బుద్ధి పుట్టింది. బోగీల్లో పనిచేసిన చెయ్యి అది. అక్కడ బ్యాటరీ లింకు తీస్తే బోగీ మొత్తం చీకటి, ఇక దేన్నైనా పట్టుకోవచ్చు. అతను బ్యాటరీ ఉండగానే తోడిపెళ్లికూతుర్ని ముందు లేపేశాడు. కెపాసిటరు నిండా నింపుకుంది. అప్పుడు బ్యాటరీ తీశాడు. ఇంకేం భయం లేదనుకుని లేజరు డయోడును తగిలించాడు. కెపాసిటరు తనలో ఉన్నదంతా ఒక్కసారిగా దాని మీద కుమ్మరించింది. ఏ చప్పుడూ కాలేదు. సామేలు మళ్లీ బ్యాటరీ పెట్టాడు.

ఈశ్వరయ్య మెట్లెక్కి వచ్చేసరికి డయోడు వెలుగుతోంది. చచ్చిన లేజరు డయోడు ఆరిపోదు. టీవీ కింద ఎర్రలైటులా మసకగా వెలుగుతూనే ఉంటుంది. గోడ మీద చుక్క మాత్రం ఉండదు.

"అన్నా, వెలిగింది సూడు" అన్నాడు సామేలు సంతోషంగా.

ఈశ్వరయ్య గోడ వైపు చూశాడు.

"లెయ్. ఇంటికి పో."

అంతే. మటన్ టిఫిన్ కూడా చేతికిచ్చి పంపేశాడు.

ఇప్పుడు, ఇన్ని నెలల తర్వాత, సామేలు ఆయన్ను క్యాంపస్‌లోనే దొరకబుచ్చుకున్నాడు. పొద్దున నడక అయ్యాక ఈశ్వరయ్య విభాగం ఎదురుగా రాతి అరుగు మీద కూర్చుంటాడు. అక్కణ్ణుంచి ల్యాబ్ కిటికీలు కనిపిస్తాయి. సామేలు రెండు టీలు పట్టుకొచ్చి, ఒకటి ఆయన పక్కన పెట్టి, తనూ కూర్చున్నాడు.

"ఏందన్నా, నేను సచ్చిన్నని పేపర్ల పడ్డదా? పలకరియ్యవు."

ఈశ్వరయ్య టీ గ్లాసును కొంచెం అవతలికి జరిపాడు.

సామేలు జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. "ఇంకో డయోడు తెచ్చిన. ముషీరాబాద్‌ల నా బామ్మర్ది ఇంటర్నెట్ దుకాణం ఎత్తేసిండు గద, గాడ పాత రైటర్లు పడున్నయి. గిది నువ్వే పెట్టుకో. నేను ముట్ట. దూరంకెల్లి సూస్త."

"తీసకపో."

"గదే సామాన్ గదన్నా."

"అది శారద చేత్తో తీసినది. ఇది నీ బామ్మర్ది దుకాణంలోది. రెండూ ఒకటేనా? మనిషివేనా నువ్వు?"

సామేలు టీ తాగబోయి ఆగాడు. గ్లాసును అరుగు మీద పెట్టాడు.

"నేను కరాబ్ చేసింది గూడ గా దుకాణంలదే అన్నా."

"ఏంది?"

"వదిన తీసింది ఎప్పుడో పోయింది. ఒక సలికాలం, ఏదో పెండ్లికి పొయ్యొచ్చి, సిల్కు చీర మీదనే దాన్ని ముట్టుకున్నదట. ఏలు కాడ చిటుక్కుమన్నది, గంతే, పాయె అన్నది. ఏడ్చుకుంట మా వాటాకొచ్చింది. మా బామ్మర్ది కాడికెల్లి నేనే ఇంకోటి తెచ్చిచ్చిన. నువ్వు డ్యూటీల ఉన్నవ్. సాయంత్రానికల్ల బిగిచ్చింది."

"నాకెందుకు చెప్పలే?"

"భయపడ్డది. మీ అన్న నెల దినాలు మాట్లాడడు, నేను తట్టుకోలేను అన్నది. నాతోని ఒట్టేయించుకున్నది. ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్న. నువ్వు గిట్ల పలకకుండ సంపుతుంటే చెప్పిన."

ఈశ్వరయ్యకు ఆ చలికాలం తెలుసు. గోడ మీద చుక్క అప్పటిదాకా గుండ్రంగా ఉండేది. ఒకరోజు కొంచెం కోలగా పడింది. అడిగితే "లెన్సు కదిలిందిలే" అంది శారద. ఆ సాయంత్రం సంగటి కెలికింది. దాంట్లోకి చెనిక్కాయల ఊరుబిండి నూరింది. ఏం విశేషమని అడిగితే, చలికి తినబుద్ధైందని చెప్పి, కంచం ముందే కూర్చుని ఆయన తినేదాకా ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అంత ఇష్టంగా ఇంకెవరూ తనను చూడలేదని ఈశ్వరయ్య ఇన్నేళ్లూ ఆ సాయంత్రాన్ని తలుచుకుంటూ వచ్చాడు.

ల్యాబ్‌లో ఎవరో కిటికీలు తెరుస్తున్నారు. ఈశ్వరయ్య అటు చూడలేదు. టీ చల్లారిపోయింది. అయినా తాగాడు.

"అన్నా, ఏమన్న అను."

"శారద నాకు చెప్పిందా?"

"లేదు."

"అయితే నాకు తెలీదు."

"నేనిప్పుడే చెప్తి గద."

"నువ్వు చెప్పకూడదు. ఒట్టేసినావు. ఆమె ఉన్నన్ని దినాలూ ఆపుకోని, పోయినాక నోరు తెరిస్తివి." ఆయన గొంతు పెరగలేదు. "డయోడు పోగొట్టింది మర్చిపోదునేమో. ఇది మర్చిపోను."

సామేలు పొట్లం వైపు చూశాడు. "మరి దీన్నేం జెయ్యమంటవ్?"

"భార్గవికియ్యి. పిల్లోల్లకు పనికొస్తాది."

ఈశ్వరయ్య లేచి, చెప్పుల్లో కాళ్లు పెట్టి, తార్నాక వైపు నడిచాడు. సామేలు వెనకనే వచ్చాడు. రోడ్డు దాటబోతూ సామేలు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"గా దినం వదిన నిన్ను ఏమన్నదో తెల్సా అన్నా—"

ఈశ్వరయ్య చెయ్యి విదిలించుకోలేదు. బస్సు వెళ్లిపోయేదాకా ఆగి, అప్పుడు అన్నాడు.

"వద్దు. ఆ మాట నువ్వింక ఎత్తొద్దు. నేను సచ్చేదాకా ఎత్తను."