జమానతు

ముత్యం మోకాలితో కుక్క నడుమును అదిమి, గుడ్డపీలికతో మూతి చుట్టి, చెవి వెనక మెల్లగా గోకుతున్నాడు. డాక్టర్ మానస ముందుకాలి నుంచి రక్తం తీసింది. మల్లాపూర్ దగ్గరి ఆ ఊళ్లో ఇది తొమ్మిదో కుక్క. వెంట నడుస్తున్న గుంపులో ఒక్క ముఖమూ నవ్వలేదు.

మట్టిలో పెరిగే బూజు ఏదో మనుషుల ఊపిరితిత్తుల్లో చేరుతోందని అనుమానం. నేలను వాసన చూస్తూ తిరిగే కుక్కల రక్తంలో దాని జాడ ముందు తెలుస్తుంది. జగిత్యాల నుంచి కోరుట్ల దాకా వాడవాడలో ఈ మాట చెప్పింది ముత్యమే. ఎవరూ నమ్మలేదు. పోయిన నెల పక్క ఊళ్లో ఎవరో కుక్కలకు విషం పెట్టారు. అప్పటినుంచి సూది కనబడితే తలుపులు మూసుకుంటున్నాయి.

పదో కుక్క చంద్రవ్వది. రక్తం తీయనిచ్చింది గానీ ముత్యాన్ని కదలనివ్వలేదు.

"మాపటికి ఇది సస్తే ఎవలను అడగాలె? నువ్వే జమానతు. గీడనే కూసో."

"మందు ఎక్కియ్యలేదక్కా, నెత్తురే తీసినం."

"అందరు గట్లనే అంటరు."

రక్తం సీసాలు వేడెక్కకముందే డాక్టర్ జగిత్యాల చేరాలి. "మీరు పోండి మేడం, నేను ఉంట" అన్నాడు ముత్యం.

అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సిరిసిల్లలో తండ్రి మగ్గాల దూది పీల్చి పీల్చి దగ్గుతూ పోయాడు. మగ్గం వద్దనుకుని ఇరవై ఏళ్లకే పశువుల దవాఖానలో అటెండరుగా చేరాడు ముత్యం. ముప్పై ఆరేళ్లుగా పశువును పట్టుకునేది అతను, సూది వేసేది ఇంకొకరు. కాటు పడని వేలు లేదు. భార్య పోయాక హోటల్ తిండే. పొద్దున పెద్దకుక్క గుంజినప్పటినుంచి ఎడమభుజం లాగుతోంది. బెణికిందనుకున్నాడు.

వచ్చేవాళ్లు కుక్క నోట నురగ వస్తోందా అని వంగి చూసి పోతున్నారు. ఒకడు ముత్యం ముఖాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. నీళ్లు ఎవరూ ఇవ్వలేదు, అతనూ అడగలేదు.

పొద్దుగూకే వేళ కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, కోడిని తరిమింది.

"రేపు మాదానికి గూడ తియ్యుమను" అన్నాడు పక్కింటి గంగయ్య, నేల చూస్తూ.

చంద్రవ్వ లోపలికి పోయి బువ్వ వడ్డించుకొచ్చి అతని పక్కన పెట్టింది. "తమ్మీ, తప్పువట్టకు. లే, ఇంత తిను."

ముత్యం లేవలేదు. భుజం తడితే తల పక్కకు వాలింది. పొద్దంతా కుక్క ఊపిరిని కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో, అతని ఊపిరి ఎప్పుడు ఆగిందో చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు.

అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. అరుగు మీద పళ్లెం అట్లాగే ఉంది, పప్పు మీద మీగడలా పొర కట్టి, అంచున మామిడికాయ తొక్కు ముద్ద చెక్కుచెదరకుండా.