పడని వేలిముద్ర

నా నవలకు నేర సాహిత్య పురస్కారం ప్రకటించారని తెలిసిన రోజు కాశీబుగ్గలో ఎదురైనవాళ్లందరికీ చెప్పాను. ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను మరి, ఆ మాత్రం గొప్ప చెప్పుకోనా? నా ధోరణి తెలిసిన మా స్కూలు టీచర్లు ముందే తప్పుకున్నారు. పక్కింటి దేముడమ్మ మాత్రం నా గుమ్మంలో చతికిలబడి, "కతేటో సెప్పు టీచరమ్మా" అంది. జీడిపిక్కలు కొట్టి కొట్టి ఆమె చేతులు నల్లబడిపోయాయి.

చెప్పాను. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి హత్య. కత్తి పిడి మీద బొటనవేలి ముద్ర స్పష్టంగా ఉంటుంది. చివర్లో ఆ ముద్రను బట్టే మా ఇన్‌స్పెక్టర్ హంతకురాలిని పట్టేస్తాడు. ఆవిడే పైడితల్లి, పదిహేనేళ్లుగా ఆ వ్యాపారి దగ్గర పిక్కలు కొట్టే మనిషి.

దేముడమ్మ ఫక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏటే ఆ నవ్వు? పోటీ పెట్టినోళ్లే మెచ్చుకున్నారు!"

"పిక్కలు కొట్టినోళ్లకి ముద్రెక్కడ పడతాదమ్మా? పిక్కలో జీడి రసానికి తోలూడిపోద్ది. రేసన్ కాడ ఏలు పడక, మిసన్‌కి కన్ను సూపించి బియ్యం తెచ్చుకుంటన్నాను."

బొటనవేలు నా ముందు పెట్టింది. ఒక్క గీత లేదు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినదాన్ని, ఇన్నేళ్లూ ఆ వేలు చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"అయితే పైడితల్లి సంపలేదు. మరెవుడు? ముద్ర సక్కగా పడ్డాదంటే పిక్క ముట్టనోడే."

నాకూ ఆత్రం పుట్టింది. "సావుకారి బావమరిది ఢిల్లీశ్వరరావు మూడో అధ్యాయంలో వచ్చి తాళాలు అడిగి పోతాడే. ఎందుకడిగాడో నేనే పట్టించుకోలేదు."

వెంటనే పురస్కార కమిటీ చంద్రమౌళి గారికి ఫోన్ చేసి ముగింపు మారుస్తానన్నాను.

"మారిస్తే అది బహుమతి నవల కాదు మేడమ్. పురస్కారం రెండో నవలకు వెళ్తుంది. వదిలేయండి, ఎవరు గమనిస్తారు?"

దేముడమ్మ మెల్లగా అడిగింది, "పైడితల్లికేటి సిచ్చ ఏసినారు?"

"యావజ్జీవం."

"పిల్లలున్నారా?"

"ఇద్దరు."

ఫోన్‌లో ఆయన హలో, హలో అంటున్నారు.

"రెండో నవలకే ఇచ్చేయండి" అని పెట్టేశాను. ఏడుపు ఆగలేదు.

దేముడమ్మ కొంగుతో నా మొహం తుడిచి, దగ్గరకు జరిగింది.

"ఆ తాళాలు ఏ గదివమ్మా?"