దర్వాజ కాడ మూడడుగులు

జానయ్య పట్నం వచ్చింది కొడుకు ఆట చూసెటందుకు కాదు, కొడుకును ఊరికి తోలుకపోయెటందుకు. గని ఆ మాట ఎట్ల ఎత్తాల్నో సమజు కాలే. సికిందరాబాదు టేషన్ల రైలు దిగిన కాడికెల్లి మిల్లు బస్తీ దాకా దాన్ని మింగుకుంటనే నడిచిండు.

సంగతి ఏందంటె, పోలీసు యాక్షన్ అయి యాడాది దాటింది. దొరల మీద తిరగవడ్డ సంగం జోరు మీదున్న రోజులల్ల మూటముల్లె సర్దుకొని పట్నం ఉరికిన దొర, మిల్ట్రీ లారీల ఎన్కెన్కనే ఈ నడుమనే మల్ల ఊర్లె దిగిండు. పోయిననాడు నెత్తికి జరీ రుమాలు, వచ్చిననాడు కాంగ్రెసు తెల్ల టోపి. టోపి మారితె బుద్ధి మారుతదా? దిగిన నాలుగోనాడే జానయ్యను తన కోటసోంటి గడి ముందట నిలవెట్టిండు.

"ఏంరా జానిగా, సంగపోల్లు వెట్టి బందు వెట్టిండ్రని మస్తు సంబురపడ్డవట గద. సాలు ఆ సంబురం. కచ్చురం మల్ల కదుల్తది. నీ మోకాళ్లు వోయినయని నాకెరుకే. నీ కొడుకు పట్నంల ఉరుకుట్ల మొనగాడట, వాన్ని తోలుకరా. ఐతారం దాకా చూస్త. రాలేదనుకో, నువ్వు సంగపోడివని మిల్ట్రీ క్యాంపుల పేరు రాపిస్త."

క్యాంపుల పేరు రాపిస్తె ఏమైతదో అందరికి ఎరుకే. ఆ ఊరికెల్లి ఇద్దరిని తీస్కపోయిండ్రు. ఒకడు కుంటుకుంట వచ్చిండు, ఇంకొకడు రానేలేదు. జానయ్య పెండ్లాం ఉప్పలమ్మ ఆనాడు పొయ్యి ముట్టియ్యలే. "పోరన్ని పిలుచుకరా. బతికుంటె బలుసాకు తినొచ్చు" అన్నది. అన్నదే గని, కొంగుతోని కండ్లొత్తుకుంట అన్నది.

ఉరుకుడు వెట్టి అంటె ఇప్పటోల్లకు చెప్పాలె. దొర కచ్చురం, అంటె గూడుబండి, కట్టుకొని బైలెల్లితె, ముందట ఒకడు ఉరకాలె. "దొర వస్తుండు, జరుగుండ్రి" అని ఒర్రుకుంట, బాట మీది మనిషిని, మేకను, ముసలోన్ని జరుపుకుంట ఎడ్లకు పది గజాల ముందు ఉరకాలె. భువనగిరి టేషను నుంచి గడి దాకా మూడు కోసులు. దమ్ము వట్టుకునేది లేదు, ఎన్కకు మర్రి చూసేది అసలే లేదు. గడి దర్వాజ రాంగనే ఎడమ దిక్కు మూడడుగులేసి, తల వంచి, పక్కకు నిలవడాలె. ముందు దొర బండి లోపటికి పోవాలె. దొరకంటె ముందు వెట్టోని నీడ కూడ పెద్దదర్వాజ దాటొద్దు. గా పని జానయ్య ముప్పై ఏండ్లు చేసిండు. కట్టెలు మోసి, నీళ్లు మోసి గడి ఎన్కదిక్కు చిన్న తలుపుల నుంచి వందసార్లు వోయిండు గని, పెద్దదర్వాజల నుంచి ఒక్కనాడు పోలే.

జానయ్యకన్న ముందు వాల్ల అన్న లింగస్వామి ఉరికెటోడు. ఒకనాడు దర్వాజ కాడ ఒక్క గడియ తడబడ్డడు. కాలుకు ముల్లు ఇరిగిందో, కండ్లు తిరిగినయో, పక్కకు జరుగలే. బండి తోలెటోడు పగ్గం గుంజవోతె, "ఆపకు" అన్నడు దొర. నొగ కొట్టింది, గిర్ర మీదెక్కింది. మూడొద్దులకు పానం వోయింది. ఎడ్లకేమన్న దెబ్బ తాకిందా అని అడిగిండట దొర. వాని నోట్ల మన్నువడ, గదొక్కటే అడిగిండట.

అందుకే జానయ్య కొడుక్కు పదేండ్లు రాంగనే పక్కన ఉరికిచ్చుకుంట నేర్పిండు. నేర్పుడంటె నేర్పుడు గాదు, నూరిపోసుడు. "దర్వాజ కనవడ్డదంటె ఇంకేం చూడకు బిడ్డా. ఎడమకు మూడడుగులు. నిద్రల లేపి అడిగినా నీ కాళ్లు గదే చెయ్యాలె." పోరడు తప్పితె చింతబరిగెతోని పిక్కల మీద కొట్టిండు కూడ. కొట్టిన్నాడు తనే ఆముదం రాసిండు. కొడుకు బతకాలె గద.

ఆ కొడుకు పేరు ఇస్రాయేలు. పుట్టినప్పుడు పోవాల్సిన పానాన్ని మిషను దవాఖాన తెల్ల దొరసాని నిలవెట్టి పెట్టిన పేరు. తర్వాత గా మిషను బడిలనే నాలుగక్షరాలు నేర్చిండు, బడి ఎన్క మైదానంల ఫుట్బాల్ నేర్చిండు. ఉత్త కాళ్లతోని ఆడెటోల్లు అప్పుడు, మడిమెలకు గుడ్డపీలికలు సుట్టుకొని. ఇస్రాయేలు ఉరుకుతుంటె కండ్లు తిప్పుకోబుద్ధి కాకపోయేది. పట్నం నూలుమిల్లు టీముకు ఆట నేర్పే ఖాదర్ సాబు ఒకసారి భువనగిరి వచ్చి చూసి, ఎంబడే తోలుకపోయిండు. మిల్లుల పేరుకు నౌకరి, అసలు పని ఆటనే. అందరికన్న ముందట ఉరికి గోలు కొట్టెటోన్ని ఫార్వర్డ్ అంటరు. పద్దెనిమిదేండ్లకు ఇస్రాయేలు మిల్లు టీము ఫార్వర్డ్ అయిండు. ముందట ఉరుకుడు వానికి కొత్తనా?

గని ఒక్కటే లోటు. నాలుగేండ్లయింది, వాడు ఒక్క గోలు కొట్టలే. నవ్వకుండ్రి, నిజం. నలుగురిని తప్పిచ్చుకొని బాలును గోలు ముందటికి తెస్తడు, ఆ తర్వాత ఇంకొకనికి అందిస్తడు. ఆ అందుకున్నోడు కొడ్తడు, మంది వాన్ని భుజాల మీదికెత్తుకుంటరు. ఖాదర్ సాబు తిట్టిండు, బతిమిలాడిండు, పుట్టుకతోని వచ్చిన బుద్ధి పుడకలతోని గాని పోదని ఊకున్నడు. పుట్టుకతోని వచ్చింది గాదని ఆయనకేమెరుక?

జానయ్య బస్తీకి చేరిన పొద్దే మ్యాచి. ఇస్రాయేలు తండ్రిని చూసి ఎగిరి గంతేసిండు. "ఏంది నాయినా, కబురన్న లేకుంట వస్తివి? అవ్వ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది బిడ్డా. ఊకెనే, చూసిపోదామని వచ్చిన" అన్నడు జానయ్య. అబద్ధం ఆయన నాలికె మీద ఉప్పురాయి తీర్గ నిలిచింది.

ఖాదర్ సాబు పక్కకు పిలిచి తెలుగు, ఉర్దూ కలిపి చెప్పిండు. "పెద్దాయనా, మంచి రోజు వచ్చినవ్, చెడ్డ రోజు వచ్చినవ్. మిల్లుల కొత్త పెద్దసారు వచ్చిండు. గోలు కొట్టని ఫార్వర్డ్ నాకెందుకు అంటుండు. ఇయ్యాల గోలు కొడితె ఉంటడు, లేకుంటె రేపు పేరు కొట్టేస్తరు. నువ్వన్న జర చెప్పు."

జానయ్య తలూపిండు గని లోపట వేరే లెక్క వేసుకుంటుండు. పేరు కొట్టేస్తె మంచిదే గద! తను ఏం చెప్పే పనే లేదు. పోరడే మూట కట్టుకొని ఎంబడి వస్తడు. దొర సల్లవడ్తడు, క్యాంపు ఫికర్ తీర్తది, ఉప్పలమ్మ పొయ్యి ముట్టిస్తది. మైదానం గట్టు మీద కూసున్నప్పుడు గీ ఆలోచనకు జానయ్యకు తనమీద తనకే సిగ్గయింది. అయినా ఆలోచన పోలే.

ఆట షురువైంది. ఎదుటి టీము జబర్దస్తుది, బూట్లేసుకున్నోల్లు కూడ ఉన్నరు అండ్ల. ఇంతట్ల ఇస్రాయేలు కాడికి బాలు వచ్చింది. ఇగ చూడాలె! ఒకడు అడ్డమొస్తె ఇట్ల తప్పిండు, ఇంకొకడు వస్తె అట్ల తప్పిండు. మంది లేచి నిలవడ్డరు. "అరెరెరె" అని జానయ్య గూడ లేచిండు. తన కడుపున పుట్టినోడు గింత అందంగ ఉరుకుతడని ఆయనకు తెల్వకనే పాయె. గోలు గుంజలు దగ్గరికొచ్చినయి. ముందట ఒక్కడే ఉన్నడు, వాడు గూడ బోర్ల వడ్డడు. కొడితె సాలు.

ఇస్రాయేలు ఎడమకు మూడడుగులేసిండు. మెడ ఇంత వంచిండు. బాలును కుడిపక్కకు తోసిండు. ఎన్కకెల్లి వచ్చినోడు తన్నితె అది గుంజ మీదికెల్లి వోయింది.

మంది ఒర్రిండ్రు, తిట్టిండ్రు. జానయ్య ఉన్నకాడనే కూలవడ్డడు. అంత పెద్ద మైదానంల గా మూడడుగులు ఏందో ఎరుకైనోడు ఆయనొక్కడే. మల్లొకసారి బాలు వచ్చింది. మల్ల గట్లనే ఉరికిండు, మల్ల మూడడుగులు. గా మెడ వంచుడు చూడలేక జానయ్య కండ్లు మూసుకున్నడు. చింతబరిగె యాదికొచ్చింది. నాలుగేండ్ల సంది కొడుకు ఎవ్వరికో దర్వాజ ఇడుస్తనే ఉన్నడు. ఆ ఇడిసేటిది నేర్పింది తనే.

సగం ఆటకు సీటీ ఊదిండ్రు. అందరు నీళ్లు తాగుతుండ్రు. జానయ్య పోయి కొడుకు ముందట గొంతు కూసున్నడు. వాని కాళ్లకు సుట్టిన పీలిక ఊడితె మల్ల సుట్టుకుంట, తల ఎత్తకుండనే అన్నడు.

"బిడ్డా, ఎన్క బండి లేదు."

ఇస్రాయేలు తండ్రి చేతుల దిక్కు చూసిండు. నవ్విండు, ఆ నవ్వుల నీళ్లున్నయి. "నాకెరుకే నాయినా. కాళ్లకే ఎరుక లేదు. గోలు కనవడంగనే ఈపుల ఎడ్ల ఊపిరి తగుల్తది. లింగస్వామి పెదనాయిన యాదికొస్తడు. ఏం చెయ్యాల్నో సమజైతలేదు."

"నిన్ను కొట్టిన చెయ్యి ఇరిగిపోను" అన్నడు జానయ్య.

"గట్లనకు. నువ్వు కొట్టకుంటె నేనుందునా?"

సీటీ ఊదిండ్రు. జానయ్య లేచి నిలవడ్డడు. ఇప్పుడన్న ఒక్కమాట చెప్పొచ్చు. ఆడినా ఆడకున్నా ఐతారం వరకు ఊర్లె ఉండాలె బిడ్డా అని చెప్తె అయిపాయె. ఆ మాట చెప్పలే. మైదానం సుట్టు తిరిగి, అవతలి టీము గోలు ఎనుక, వల అవుతల నిలవడ్డడు. ఆడ నిలవడొద్దని ఒకాయన అదిలిచ్చిండు. జానయ్య ఇనలే. ముప్పై ఏండ్లు జరుగుమంటె జరిగిండు గద, ఒక్కనాడు జరుగకుంటె ఆకాశం ఊడి పడదు.

ఎదుటోల్లు ఒక గోలు కొట్టిండ్రు. మిల్లోల్లు ఒకటి కొట్టిండ్రు, అది గూడ ఇస్రాయేలు అందిచ్చిందే. పొద్దు వాల్తాంది. ఇగ రెండు మూడు నిముషాలున్నదనంగ బాలు మల్ల ఇస్రాయేలు కాళ్లల్ల వడ్డది. ఉరుకొస్తుండు. దుమ్ము లేస్తాంది. జానయ్యకు కొడుకు మొకం కనవడ్తాంది, గుంజలు కనవడంగనే వాని కండ్లల్ల జొర్రే బయం గూడ కనవడ్తాంది. ఎడమకాలు పక్కకు లేచింది.

జానయ్య వల పట్టుకొని ఊపుకుంట, బాట మీద ముప్పై ఏండ్లు ఒర్రిన గొంతుతోని ఒర్రిండు.

"జరుగకు బిడ్డా! లోపటికి రా! నేనీడనే ఉన్న, లోపటికి రా!"

లేచిన కాలు నేల మీద తిన్నగ వడ్డది. ఇస్రాయేలు బాలును తన్ననే లేదు. బాలుతోని, మనిషితోని, గుంజల నడుమ నుంచి ఉరికి వచ్చి వలల వడ్డడు. వలకు ఇవుతల వాడు, అవుతల తండ్రి. ఇద్దరు గా దారాల సందులకెల్లి ఒకల్లనొకల్లు పట్టుకొని ఏడిసిండ్రు. సీటీ మోగింది, మిల్లోల్లు మీద వడి నలిపిండ్రు. ఖాదర్ సాబు నెత్తి కొట్టుకుంట నవ్విండు. "అరె, దూరంకెల్లి తంతె గూడ గోలే అయితది. గంత లోపటిదాకా ఎందుకు ఉరికినవ్ రా?" అన్నడు.

తెల్లారి రైలుకు జానయ్య బైలెల్లిండు. "రెండొద్దులుండు నాయినా" అని కొడుకు ఎంత బతిమిలాడినా ఉండలే. "అవ్వ ఒక్కతే ఉన్నది" అన్నడు గని, దొర మాట ఎత్తలే. టేషన్ల కొడుకు నెత్తి మీద చెయ్యి వెట్టి, "ఇగ నువ్వు ఎవ్వనికి జరుగకు" అన్నడు.

ఉప్పలమ్మకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పిండు. ఆమె గోడకొరిగి కూసున్నది. "మరి నీ సంగతి?" అన్నది.

"నేను ఉరుకుత" అన్నడు జానయ్య.

ఐతారం నాడు దొర పట్నంకెల్లి వచ్చి భువనగిరి టేషన్ల దిగిండు. కచ్చురం తోలేది కాటమయ్య. లింగస్వామి మీద బండెక్కిననాడు పగ్గాలు పట్టింది ఈ కాటమయ్య తండ్రే. "నీ కొడుకేడిరా?" అన్నడు దొర.

"రాడు దొరా. వానికి ఆడ పనున్నది."

"అయితె ఉరుకు. ఇంటికి వోయినంక నీ పని చెప్త."

జానయ్య ఉరికిండు. మోకాళ్లు పటపటమన్నయి, నోరెండింది, దమ్ము ఎగవోసింది. "దొర వస్తుండు" అని మాత్రం ఒర్రలే. బాట మీదోల్లు ముసలోన్ని చూసి వాల్లంతట వాల్లే జరిగిండ్రు. మూడు కోసులు గట్లనే ఉరికిండు. గడి కనవడ్డది. పెద్దదర్వాజ రెండు తలుపులు బార్ల తెరిచి ఉన్నయి. ఈపుల ఎడ్ల ఊపిరి తగుల్తనే ఉన్నది, ఈసారి నిజంగనే.

ఎడమకాలు తనంతట తనే పక్కకు లేచింది. జానయ్యకు కొడుకు కాలు కనవడ్డది.

తిన్నగ పెట్టిండు. దర్వాజ కడప దాటిండు. పెద్దదర్వాజ నుంచి వాకిట్లకు వోయి, నడిమిట్ల ఆగి నిలవడ్డడు. ఎన్క దొర అరుస్తుండు. "తోలురా కాటిగా! ఎక్కియ్ మీదికెల్లి!" గిర్రల సప్పుడు ఏదన్న వస్తదేమోనని జానయ్య పెయ్యంత బిగవట్టిండు. రాలే. అప్పుడు ముప్పై ఏండ్లల మొదటిసారి ఎన్కకు మర్రి చూసిండు.

బండి దర్వాజ అవుతలనే ఉన్నది. కాటమయ్య రెండు చేతులతోని పగ్గాలు గుంజి పట్టుకొని ఉన్నడు.