ఆఖరున మూసుకునే తలుపు

విమానం ముక్కు చూసి అది ఎన్ని నిమిషాలు ఆలస్యమవుతుందో చెప్పేస్తాను. అమెరికాలో ఈ డులూత్ విమానాశ్రయంలో ముప్ఫై ఏళ్లు పెట్టెలు మోసినవాణ్ణి, నా లెక్క తప్పదు.

మా సామాను ముఠా మేస్త్రి ఐలా మాత్రం ఆ జనవరిలో నా మాట వినే స్థితిలో లేదు. సోమవారం పొద్దుటి విమానం వరసగా ఆరు వారాలు ఆలస్యమైంది. ఆరుసార్లూ ఆలస్యాల చిట్టాలో కారణం గడిలో ‘సామాను’ అనే రాశారు. శుక్రవారం మేనేజరు స్టెన్సన్ ముందు జవాబు చెప్పుకోలేకపోతే ఆమె మేస్త్రిగిరీ ఊడుతుంది.

మా దగ్గరొక ఆనవాయితీ ఉంది. ఆఖరున ఎవరి తలుపు మూసుకుంటే ఆలస్యం వాళ్ల నెత్తిన పడుతుంది. పైన మనుషులెక్కే తలుపు గేటువాళ్లది, విమానం పొట్టలోని సామాను తలుపు మాది.

ఐలా కూర్చోదు. కాగితాలు తిరగేస్తుంది, గడియారం చూస్తుంది, మంచులోకి వెళ్లి మళ్లీ వస్తుంది.

“మంచు వల్ల కాదు తాతా. మంగళవారాలూ మంచు పడింది, టయానికే పంపాం.”

“విమానం ముక్కు చూస్తే…”

“నీ ముక్కు పక్కన పెట్టు. మొన్న సోమవారం ఎంతన్నావ్?”

“నాలుగు నిమిషాలు.”

“పంతొమ్మిది.”

సరే, నాకు ముక్కూ తెలీదు, మొహమూ తెలీదు. ముప్ఫై ఏళ్లు కూడా కాదు, పదకొండు. పెట్టెల సంగతి మాత్రం తెలుసు.

“సోమవారం ఆలస్యంగా వచ్చే పెట్టెలు బెల్టు మీంచి రావమ్మాయ్, పైనుంచి దిగుతాయి” అన్నాను.

ఆమె నడక ఆగింది. సోమవారం ఉద్యోగాల పని మీద పోయేవాళ్లంతా చేతిపెట్టెలతో ఎక్కుతారు. ఆ చిన్న విమానం అరల్లో అవి పట్టవు. గేటువాళ్లు విమానం గుమ్మం దగ్గర గులాబీ చీటీ కట్టి కిందికి దింపుతారు. అవి చేరేదాకా మా తలుపు తెరిచే ఉండాలి.

గేటువాళ్లు చించి ఉంచుకున్న చీటీల సగం ముక్కలు, టైము అచ్చయినవి, గేటు దగ్గర అట్టపెట్టెలో పడుంటాయి. ఎవరూ పారెయ్యరు, ఎవరూ చూడరు. ఐలా ఆ పెట్టె మోసుకొచ్చి నేల మీద కుమ్మరించింది. సోమవారానికి ఇరవై పైమాటే, మంగళవారానికి రెండో మూడో. సోమవారం చీటీల్లో సగానికి పైగా విమానం బయల్దేరాల్సిన టైము దాటాక అచ్చయినవి.

శుక్రవారం స్టెన్సన్ వాటిని ఒక్కొక్కటే చూశాడు.

“ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“మీరు తలుపెవరిదని అడిగారు సార్. పెట్టె ఎప్పుడొచ్చిందని అడగలేదు” అంది ఐలా.

ఆయన ఆరు గడుల్లోనూ ‘సామాను’ కొట్టేసి ‘గేటు’ అని రాశాడు. మేస్త్రిగిరీ నిలిచింది. గేటువాళ్లు మాతో కాఫీ మానేశారు.

ఆ చీటీల్లో ఒకటి స్టెన్సన్ సొంత పెట్టెదేననీ, అది చూసి ఆయన దగ్గాడనీ అందరికీ చెబుతుంటాను. పెట్టె నేను కల్పించిందే. దగ్గు మాత్రం నిజం, ఆయనకి జలుబు.